పాఠకుల ప్రశ్నలు: క్రెష్‌లో మాట్లాడని బాబు

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో నేను నడుపుతున్న చిన్న క్రెష్‌కు రెండేళ్ల ఏడు నెలల బాబు మూడు నెలలుగా వస్తున్నాడు. వారి ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. తోటి పిల్లలతో చక్కగా ఆడుకుంటాడు, చెప్పిన పని చేస్తాడు గాని, "పాలు", "వద్దు", "టాటా" తప్ప మరో మాట నోట రాదు. ఇంట్లో ఉర్దూ మానేసి తెలుగే మాట్లాడమని బంధువులు తల్లికి చెబుతున్నారట. ఆమె నన్ను అడిగితే ఏమి చెప్పాలో తోచలేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉర్దూ మానవద్దని ఆమెకు రేపే చెప్పండి. ఇంట్లో ఒక భాష, బయట మరొక భాష వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. వచ్చీరాని తెలుగులో తల్లి రెండు పొడిమాటలతో సరిపెట్టుకుంటుంది. తన భాషలోనైతే గారం చేస్తుంది, కోప్పడుతుంది, కథ చెబుతుంది. బిడ్డకు కావలసినది ఆ నిండైన మాటే.

కొత్త భాష మధ్యకు వచ్చిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, వింటూ ఊరుకోవడం మామూలే. కాబట్టి ఆ బాబుకు తెలుగు మాటలు ఎన్ని వచ్చునని కాక, రెండు భాషల్లోనూ కలిపి ఎన్ని వచ్చునని చూడాలి. సాధారణంగా రెండేళ్లు నిండేసరికి పిల్లలు 50 మాటలకు అటూ ఇటూగా పలుకుతూ, "అమ్మ రా" వంటి రెండేసి మాటలను కలపడం మొదలుపెడతారు. ఇంట్లో వాడు ఉర్దూలో ధారాళంగా మాట్లాడుతున్నాడని తల్లి చెబితే, మీ దగ్గరి మౌనానికి దిగులు పడనక్కరలేదు. ఇంట్లోనూ రెండు మాటలు కలపడం లేదంటే మాత్రం, "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అనే ఓదార్పుతో కాలం గడపక, ముందుగా వినికిడి పరీక్ష చేయించమనండి. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనుక నీరు చేరి వినికిడి మందగించడం కద్దు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని ఈఎన్‌టీ విభాగంలో చూపించవచ్చు. ఎప్పుడో వచ్చిన మాటలు పోతే అసలు ఆగకూడదు.

"చెప్పిన పని చేస్తాడు" అని మీరు రాసిన చోట ఒక మెలిక ఉంది. "చెప్పులు తీసుకురా" అంటూ, మనకు తెలియకుండానే చెప్పుల వైపు చూస్తాము, చెయ్యి చూపుతాము. బిడ్డకు అర్థమైనది మాట కాదు, చెయ్యి. చేతులు కట్టుకొని, ఎటూ చూడకుండా ఒకసారి చెప్పి చూడండి. అదే పరీక్షను ఇంట్లో తల్లిని ఉర్దూలో చేయమనండి. రెండింటికీ తేడా ఉంటే అది చాలా సంగతులు చెబుతుంది.

ఇక ఒక నోటు పుస్తకం పెట్టండి. "ఈరోజు బాగా మాట్లాడాడు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "11 గంటలకు ఇసుకలో ఆడుతూ, గిన్నె ఎత్తి నాకు చూపించి 'బువ్వ' అన్నాడు" అని రాస్తే, తల్లికీ పనికి వస్తుంది, రేపు అవసరమైతే వైద్యునికీ పనికి వస్తుంది. వాడు పలికినది పలికినట్టే రాయండి; దిద్దవద్దు. ఆ మాట అడగడానికా, వద్దనడానికా, చూపించడానికా, పిలవడానికా అన్నది పక్కన గుర్తు పెట్టండి. పది మాటలూ అడగడానికే వాడే బిడ్డ కంటే, నాలుగే మాటలను నాలుగు పనులకు వాడే బిడ్డే నాకు నయమనిపిస్తాడు.

"ఇది ఏమిటి? అను, ఆవు అను" అని నిలదీయడం, అంటే చుట్టాలు వచ్చినప్పుడు మన ఇళ్లలో జరిగే ఆ పరీక్ష, మీ దగ్గర వద్దు. వాడు చేస్తున్న పనినే మాటల్లో చెబుతూ, మధ్యలో ఆగి, మనసులో అయిదు లెక్కపెట్టండి. ఆయాలకు ఇది చాలా కష్టం. ఊరుకోవడం కంటే మాట్లాడడం తేలిక. తల్లిని చూసి "అమ్మ వచ్చాడు" అంటే, తప్పు అనకుండా "అవును, అమ్మ వచ్చింది" అని సరైన రూపం వినిపిస్తే చాలు. అన్నం పెట్టేటప్పుడు టీవీ ఆపివేయండి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ప్రశ్న: మా మనవరాలికి మూడేళ్లు. "రైలు"ను "లైలు" అంటుంది, "రా" అనమంటే "లా" అంటుంది. నాలుక మందమని ఇరుగుపొరుగు అంటున్నారు. చూపించాలా?
– ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: ఇప్పుడే అక్కరలేదండీ. "ర" నాలుకకు ఆలస్యంగా పట్టుబడే అక్షరాల్లో ఒకటి. "ళ" సంగతి సరే, దానిని "ల"గా పలికే పెద్దలే మనలో ఎందరో ఉన్నారు. మీరు గమనించవలసినది వేరు: కొత్తవారికి ఆమె మాటల్లో చాలావరకు అర్థమవుతున్నాయా? అవుతున్నట్లయితే, "అవును, రైలు వెళ్తోంది" అని మీరు స్పష్టంగా పలికి వదిలేయండి. నలుగురిలో పదేపదే అనిపించవద్దు. నాలుగేళ్లు దాటినా బయటివారు ఆమె మాటలు పోల్చుకోలేకపోతే స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.