మందు మనది, ముడిసరుకు ఎవరిది?

ప్రశ్న: మా నాన్నగారు బాలానగర్‌లో లేత్ మీద పనిచేసి రిటైరయ్యారు. నేను మాదాపూర్‌లో ఒక అమెరికా కంపెనీలో చేస్తున్నాను. "మా రోజుల్లో అన్నీ హైదరాబాద్‌లోనే తయారయ్యేవి, ఇప్పుడు ఊరంతా పరాయివాళ్ళ మీద ఆధారపడి బతుకుతోంది" అంటారాయన. నిజమేనా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: సగం నిజమండీ. ఆల్విన్ ఫ్రిజ్‌లు, ప్రాగా టూల్స్, హెచ్‌ఎంటీ, కేంద్ర ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్... ఆ సైరన్‌లు విన్నవాళ్ళకి ఆ బాధ తెలుస్తుంది. కానీ అవి అప్పుడు కూడా పూర్తిగా సొంత కాళ్ళ మీద నిలబడలేదు. ఐడీపీఎల్‌ని సోవియట్ సాయంతో కట్టారు, చాలా ఫ్యాక్టరీలకి దిగుమతుల మీద ఆంక్షలే రక్షణ, 1991 తర్వాత అవి సడలేసరికి పోటీకి తట్టుకోలేకపోయాయి.

అయితే ఐడీపీఎల్ పోయినా అక్కడ నేర్చుకున్న పని పోలేదు. అందులో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు, ఇవాళ మన మాత్రలు అమెరికాకి వెళ్తున్నాయంటే దాని వేళ్ళు అక్కడున్నాయి.

ఇక నాకు టెన్షన్ పెట్టే సంగతి. ఇంట్లో పారాసెటమాల్ స్ట్రిప్ తిప్పి చూడండి, తయారీ అడ్రస్ మనకి దగ్గర్లోనిదే కావచ్చు. దాని ముడిసరుకు పారా అమినోఫినాల్ మాత్రం చాలావరకు చైనా నుంచే వస్తోంది. చాలా యాంటీబయాటిక్ మందులకి మూలమైన పెన్సిలిన్-జి ఒకప్పుడు మన దేశంలోనే చేసేవాళ్ళం, చైనా సరుకు చవగ్గా దొరకడంతో మన ప్లాంట్లు మూతపడ్డాయి. 2020 మార్చిలో కరోనాతో అక్కడి సరఫరా తడబడగానే, పారాసెటమాల్‌తో సహా 26 రకాల మందుల, ముడిమందుల ఎగుమతి మీద కేంద్రం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. చవగ్గా కొనుక్కుంటూ చెయ్యడమే మానేశాం, నష్టమంతా అక్కడుంది.

మీ ఐటీ ఆఫీసుల మీద చుట్టుపక్కలవాళ్ళు ఎంత ఆధారపడ్డారో కూడా అదే ఏడాది తెలిసింది. ఆఫీసులు మూసి అందరినీ ఇంటి నుంచి పని చెయ్యమన్నారు, జీతాలు వచ్చాయి, కానీ మాదాపూర్ హాస్టళ్ళు ఖాళీ. నాకు తెలిసిన టిఫిన్ సెంటర్ ఆయన రోజూ పది కిలోల మినప్పప్పు నానబోసేవాడు, రెండు కిలోలకి దిగిపోయాడు, గ్రైండర్ దగ్గర పనిచేసే ఇద్దరూ ఊరెళ్ళిపోయారు.

కాబట్టి పరాయి కంపెనీ వచ్చిందని బాధపడకండి, అది ఇక్కడ ఏం నేర్పుతోందో చూడండి. ఐడీపీఎల్‌లో నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి కంపెనీలు పెట్టారు. మీ ఆఫీసు రేపు మూసేస్తే, అందులో నేర్చుకున్నదాంతో మీరూ మీ పక్క సీటాయనా ఇక్కడే ఏదైనా మొదలుపెట్టగలరా? దానికి జవాబు మీరే రాసి పంపండి, నాన్నగారికి కూడా చూపించండి.