ప్రశ్న అడగని అమ్మాయి ఆలోచించనట్టేనా?

ప్రశ్న: మేము చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లం. అబ్బాయి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, అమ్మాయి బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నారు. ఈమధ్య అమ్మాయి కాలేజీలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్తే, ఒక లెక్చరర్ గారు "ఆడపిల్లలు నోట్సు చక్కగా రాసుకుని మార్కులు తెచ్చుకుంటారు గానీ, తర్కించి ఆలోచించేది మగపిల్లలేనండీ" అన్నారు. ఇంట్లోనూ మావాడు ప్రతిదానికీ వాదనకు దిగుతాడు, అమ్మాయి విని ఊరుకుంటుంది. ఆలోచనాశక్తి పుట్టుకతోనే వేరుగా ఉంటుందా? అమ్మాయిని డిబేట్ కోచింగ్‌లో చేర్పించమంటారా?
– ఒక తల్లి, అంబత్తూరు

జవాబు: అమ్మా, లెక్చరర్ గారి కంటికి కనిపించింది అబద్ధం కాకపోవచ్చు. దాన్నిబట్టి ఆయన చేసిన తీర్మానం మాత్రం నిలవదు.

కాలేజీ విద్యార్థుల ఆలోచన ఏయే మెట్లు ఎక్కుతుందో వివరిస్తూ హార్వర్డ్‌కు చెందిన విలియం పెర్రీ 1970లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు ఒక్కటే ఉంటుందని, అది గురువుకు తెలుసని నమ్మడం తొలిమెట్టు. ఎవరి అభిప్రాయం వారిదే అనుకోవడం ఆ తరువాతిది. ఆధారాలను బేరీజు వేసి, తనదంటూ ఒక నిర్ణయానికి రావడం పైమెట్టు. అయితే ఆయన ప్రధానంగా ఆధారపడింది మగపిల్లలతో జరిపిన సంభాషణల మీద. 1986లో మేరీ బెలెంకీ, మరో ముగ్గురు పరిశోధకురాళ్లు 135 మంది స్త్రీలతో మాట్లాడి, ఎదుటివారి వాదనలో లొసుగులు వెతకడం ఒక మార్గమైతే, వారు అలా ఎందుకు అనుకుంటున్నారో ముందు ఆకళింపు చేసుకుని ఆపై విచారించడం మరో మార్గమని చూపారు.

మీ ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది మార్సియా బాక్స్టర్ మగోల్డా అధ్యయనం. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని మయామీ విశ్వవిద్యాలయంలో 1986లో చేరిన 101 మంది విద్యార్థినీ విద్యార్థులను ఆమె ఏటేటా కలిసి మాట్లాడారు. మొదటి సంవత్సరంలో 68 శాతం మంది తొలిమెట్టు మీదే ఉన్నారు. ఆఖరి సంవత్సరానికి వారు 2 శాతమే మిగిలారు. ఆ తొలిమెట్టు మీద ఎక్కువమంది అమ్మాయిలు విని రాసుకునేవారు, ఎక్కువమంది అబ్బాయిలు ప్రశ్నలు వేసి వాదించేవారు. కానీ ఇద్దరూ ఎదురుచూసేది గురువు నోటి నుంచి వచ్చే ఆ ఒక్క జవాబు కోసమే. కాబట్టి గొంతు పెంచి వాదించే కుర్రవాడు పైమెట్టు మీద ఉన్నాడని గాని, నోట్సు రాసుకునే అమ్మాయి కింద ఉందని గాని అనడానికి వీల్లేదు. పైగా ఆ తీరులు అందరికీ వర్తించేవి కావని, విని రాసుకునే అబ్బాయిలూ వాదించే అమ్మాయిలూ ఉన్నారని ఆమే స్పష్టం చేశారు.

ఇక మన దేశంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. ఆలోచన పదునెక్కేది క్లాసులోకన్నా క్యాంటీనులో, లైబ్రరీ మెట్ల మీద, ల్యాబ్ మూసేదాకా సాగే కబుర్లలో. చాలాచోట్ల అబ్బాయిల హాస్టల్ గేటు తెరిచే ఉంటుంది, అమ్మాయిల గేటుకు మాత్రం చీకటి పడగానే తాళం పడుతుంది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు 'పింజ్రా తోడ్' (పంజరాన్ని బద్దలుకొట్టు) పేరుతో ఉద్యమించింది ఇటువంటి నిబంధనల మీదే. తాళాలు వేసేవారే అమ్మాయిలు చర్చల్లో కనిపించరని నిట్టూర్చడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే తోస్తుంది.

కోచింగ్‌కు డబ్బు కట్టే తొందర ఇప్పుడు వద్దు. చెన్నైకి ప్రతి వేసవిలోనూ వచ్చే నీటి తగవునే తీసుకోండి: నెమ్మేలిలో ఉన్నట్టు సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రాలు పెంచాలా, పూడిపోయిన చెరువులను బాగుచేయాలా? భోజనాల దగ్గర ఈ ప్రశ్న మీ అమ్మాయిని ముందుగా అడగండి, ఆమె తడుముకుంటున్నా మధ్యలో అందుకోకండి. "అలా ఎందుకనుకుంటున్నావు? ఏది రుజువైతే నీ మాట మార్చుకుంటావు?" అని అడగండి. మీ అబ్బాయికీ ఒక షరతు పెట్టండి: చెల్లెలి వాదనను ఆమె "అవును, నేనన్నది అదే" అనేలా తన మాటల్లో చెప్పగలిగాకే దాన్ని ఖండించాలి. అబ్బాయికే ఇది ఎక్కువ కష్టమనిపిస్తుందని నా అనుమానం. కొన్నాళ్లయ్యాక కాలేజీ డిబేట్ క్లబ్బులో చేరతానని అమ్మాయే అంటే నిరభ్యంతరంగా పంపండి, సాయంత్రం ఆలస్యమవుతుందని మాత్రం ఆపకండి.