రొమ్ము ఆపరేషన్ తర్వాత మళ్లీ డ్యూటీకి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. ఆర్టీసీలో కండక్టర్‌గా చేస్తున్నాను. కుడి రొమ్ములో గడ్డ తగిలితే పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. రొమ్ము మొత్తం తీసేసి, చంకలో గడ్డలు కూడా తీశారు. ఆపరేషన్ అయి నాలుగు వారాలు కావస్తోంది. పైపు తీసేశారు, కుట్లు మానాయి. చంకలోని మూడు గడ్డల్లో జబ్బు కనిపించిందని, వచ్చే వారం నుంచి కీమో, అది అయ్యాక రేడియేషన్ ఇవ్వాలని చెప్పారు. ఇంట్లో వంట, బట్టలు నేనే చూసుకుంటున్నాను కాబట్టి డ్యూటీకి కూడా పోవచ్చేమో అనిపిస్తోంది. సెలవులు అయిపోతున్నాయి. మా అత్తమ్మ ఏడాది దాకా గడప దాటొద్దంటుంది. మా ఆయనేమో ఇంట్లో ఉంటే ఆలోచనలు ఎక్కువవుతాయి, పోతేనే మేలు అంటాడు. బ్యాగు మోస్తే చెయ్యి వాచిపోతుందని డిపోలో ఒకామె చెప్పింది. నాకు అదొక టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కడప జిల్లా

జవాబు: అమ్మా, డ్యూటీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ బట్టలు ఉతకడం ఆపండి. చంకలో గడ్డలు తీసిన నాలుగు వారాలకే కుడిచేత్తో తడి దుప్పట్లు పిండుతున్నారంటే, సెలవు పెట్టినా మీకు విశ్రాంతి దొరకలేదన్నమాట. ఇలాంటి ఆపరేషన్ తర్వాత ఆరు వారాల దాకా ఆ చేత్తో రెండు మూడు కిలోలకు మించి ఎత్తొద్దని చెబుతాం. నిండు నీళ్ల బిందె పది కిలోల పైనే ఉంటుంది. గ్రైండర్ గిన్నె, బియ్యం మూట, గ్యాస్ సిలిండర్ జరపడం అన్నీ ఇదే లెక్క. పైన కుట్లు మానినంత మాత్రాన లోపల కండరం, చర్మం అతుక్కోవడం పూర్తయినట్టు కాదు. ఈ సమయంలో ఒత్తిడి పడితే గాయం కింద నీరు చేరి, మళ్లీ సూదితో లాగించుకోవాల్సి వస్తుంది. చాలామంది ఆడవాళ్లు ‘ఇంట్లో పని చేయగలుగుతున్నాను కదా, ఉద్యోగం చేయలేనా’ అని మీలాగే అడుగుతారు. అసలు ఆ ఇంటి పనే చేయకూడని సమయమిది. వంట దగ్గర కూరలు తరగడం, తిరగమోత వేసుకోవడం వరకు పర్వాలేదు. బట్టలు, నీళ్లు, బరువులు మీ ఆయనకు అప్పగించండి. పని మీద మీకు ధ్యాస కావాలని ఆయనకు ఉంది కాబట్టి, ఆ సాయం ఇంట్లోనే మొదలుపెట్టమనండి.

ఇక మీ ప్రశ్నకు సూటిగా చెబుతాను. కీమో జరిగినన్నాళ్లు బస్సులో డ్యూటీ వద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి కీమోకు సుమారు ఐదారు నెలలు పడుతుంది. తర్వాత మూడు నాలుగు వారాలు ఆగి రేడియేషన్ పెడతారు, అది మూడు నుంచి ఐదు వారాలు. అది అయ్యాక ఒక నెల తేరుకోవాలి. అంటే ఇప్పటి నుంచి ఎనిమిది, తొమ్మిది నెలల తర్వాత రూటు మీదికి వెళ్లడం గురించి ఆలోచించవచ్చు. మధ్యలో డిపోలో కూర్చుని చేసే పని దొరికితే, కొన్ని వారాలు అది చేసుకోవచ్చు. దాని గురించి కింద చెబుతాను.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కండక్టర్ పని చూడటానికి టికెట్ కొట్టడమే అయినా ఒంటికి అది చాలా పెద్ద పని. ఎడమచేతిలో టిమ్ (టికెట్ మిషన్) పట్టుకుని కుడివేళ్లతో నొక్కుతూ, భుజానికి బ్యాగుతో, ఏ సీటుకో నడుం ఆనించి నిలబడతారు. డ్రైవరు బ్రేకు వేయగానే చెయ్యి తనంతట తనే పైన రాడ్ మీదికి పోతుంది. ఆ క్షణంలో ఒంటి బరువంతా ఆ చంక మీదే పడుతుంది. పైగా 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు బస్సుల్లో రద్దీ ఎలా ఉందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆ తోపులాటలో ఎవరి మోచెయ్యి గాయానికి తగులుతుందో చెప్పలేం.

కీమోలో ఉన్నప్పుడు రద్దీతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మందు ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు పక్కవాళ్ల మామూలు జలుబు కూడా మీకు పెద్ద ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అరవై, డెబ్బై మంది మధ్య గంటల తరబడి నిలబడే ఉద్యోగం ఆ రోజుల్లో ఎంతమాత్రం పనికిరాదు. ఇంట్లో ఒక థర్మామీటర్ కొని పెట్టుకోండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి. ‘తెల్లారనీ, ఒక డోలో వేసుకుని చూద్దాం’ అనుకోవద్దు. ఈ ఒక్క విషయం మీ ఆయనకు, అత్తమ్మకు కూడా చదివి వినిపించండి. వెళ్లగానే ‘కీమో తీసుకుంటున్నాను’ అనే మాట ముందు చెప్పండి. కీమో కార్డు, రిపోర్టుల ఫైలు ఎప్పుడూ చేతికందేలా ఉంచుకోండి.

కీమో మూడు వారాలకోసారి ఇస్తే, మొదటి వారం వాంతులు, నీరసం. రెండో వారం కణాలు తగ్గే సమయం. మూడో వారానికి చాలామంది కాస్త మనుషుల్లో పడతారు. కూర్చుని చేసే ఉద్యోగస్తులు కొందరు ఆ మూడో వారంలో పనికి వెళ్లి వస్తుంటారు. రిజర్వేషన్ కౌంటర్లోనో, డిపో ఆఫీసులోనో మీకు పని ఇవ్వగలిగితే మీరూ ప్రయత్నించవచ్చు. గ్రౌండ్ బుకింగ్ (బస్సు ఎక్కకముందే కింద టికెట్లు ఇవ్వడం) అయితే ఎండలో, జనంలో నిలబడాలి కాబట్టి అది వద్దు. రెండో దశలో ఇచ్చే కొన్ని మందుల వల్ల వేళ్ల చివర్లు, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. చిల్లర లెక్కపెట్టడం, మీటలు నొక్కడం కష్టమవుతుంది. కదిలే బస్సులో కాలు నిలవదు. అలా అనిపిస్తే మీ డాక్టరుకు వెంటనే చెప్పండి, మందు మోతాదు సరిచేస్తారు. చాలామంది ఓర్చుకుంటూ పోయి, చివర్లో చెబుతారు. అప్పటికి తిమ్మిరి ముదిరి నెలల తరబడి ఉండిపోతుంది.

ఇప్పుడు చెయ్యి వాపు విషయం. మీ డిపోలో ఆమె చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని అంత భయపడాల్సినదీ కాదు. చేతిలోని నీరు చంకలోని లింఫ్ గ్రంథుల (మీరు గడ్డలన్నవి ఇవే) గుండా వెనక్కి పోతుంది. గ్రంథులు తీసేస్తే కాలువలు కొన్ని పూడిపోయినట్టే. మిగిలిన దారులు చాలామందిలో సరిపోతాయి. చంకలోని గ్రంథులన్నీ తీసినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి వాపు వస్తుంది. అక్కడ రేడియేషన్ కూడా ఇస్తే, ఒంటి బరువు ఎక్కువగా ఉంటే అవకాశం పెరుగుతుంది. మొదటి రెండు మూడేళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, ఆ తర్వాత కూడా రావచ్చు. బరువు ఎత్తినందుకే చెయ్యి వాస్తుందని, జీవితాంతం ఆ చేత్తో ఏమీ పట్టుకోకూడదని పూర్వం చెప్పేవాళ్లం. ఇప్పుడు అలా చెప్పడం లేదు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే చేతికి పని మంచిదే. అలవాటు లేకుండా ఒక్కసారిగా గంటల తరబడి బరువు వేలాడేయడం చెడ్డది.

గాజులు, ఉంగరం, జాకెట్టు చెయ్యి ఉన్నట్టుండి బిగుతుగా అనిపించినా, చెయ్యి బరువెక్కినట్టున్నా ఆలస్యం చేయకండి. మొదట్లోనే వస్తే బిగుతు తొడుగు, వ్యాయామంతో అదుపులో పెడతాం. ఏడాది ఆగి వస్తే కష్టం. కుడిచేతికి గాయాలు కాకుండా చూసుకోండి. బస్సు కమ్మీలకు గీసుకోవడం, కాలిన బొబ్బ, దోమకాటు గోకడం ఏదైనా సరే, వెంటనే సబ్బుతో కడిగి మందు రాయాలి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. బీపీ చూడటానికి, రక్తం తీయడానికి ఎడమచెయ్యి ఇవ్వండి.

బ్యాగు ఏ భుజానికి వేసుకోవాలని అడుగుతారేమో. ఆపరేషన్ అయిన కుడి భుజానికి వద్దు. కీమో కోసం పోర్టు (మందు ఎక్కించడానికి పెట్టే చిన్న పరికరం) పెడితే అది ఎడమవైపు, మెడ కింద చర్మం లోపల ఉంటుంది. అది ఉన్నన్నాళ్లు బ్యాగు పట్టీ దాని మీద ఒరుసుకోకూడదు. అందుకే తిరిగి వెళ్లేనాటికి నడుముకు కట్టుకునే సంచి సిద్ధం చేసుకోమంటాను. చిల్లర బరువు భుజం నుంచి నడుముకు దిగుతుంది.

ఈ నెలల్లో మీరు చేయాల్సిన అసలు పని చేతిని కదల్చడం. గోడకు ఎదురుగా నిలబడి, కుడిచేతి వేళ్లతో పాకించుకుంటూ పైకి వెళ్లండి. ఎంతదాకా అందిందో బలపంతో ఒక గీత గీయండి. రోజుకు మూడుసార్లు. మరుసటి వారం ఆ గీత పైకి జరిగిందా లేదా మీకే కనిపిస్తుంది. లాగినట్టు ఉండాలి, ప్రాణం పోయేంత నొప్పి రాకూడదు. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తాడు బిగిసినట్టు తగిలితే కంగారు పడకండి. ఆ ఆపరేషన్ తర్వాత కొందరికి వస్తుంది, ఫిజియోథెరపీతో సాగుతుంది. పైచేతి లోపలివైపు మొద్దుబారినట్టు ఉండటం కూడా మామూలే. అక్కడి సన్నని నరం దెబ్బతిన్నందువల్ల అది నెలలు, కొందరికి ఎప్పటికీ ఉంటుంది. పనికి అడ్డం కాదు. రేడియేషన్ మిషన్ మీద పడుకున్నప్పుడు చెయ్యి తలపైకి ఎత్తి ఉంచాలి కాబట్టి ఈ వ్యాయామం అప్పుడు కూడా అక్కరకొస్తుంది.

ట్రీట్‌మెంట్ అంతా అయ్యాక, డ్యూటీలో చేరే ముందు ఇంట్లోనే పరీక్ష పెట్టుకోండి. రెండు చేతులూ వెనక్కి పెట్టి జడ వేసుకోగలగాలి. ద్వారబంధం పైకమ్మీని కుడిచేత్తో ఐదు నిమిషాలు పట్టుకుని నిలబడగలగాలి. సంచిలో రెండు కిలోల బియ్యం వేసి నడుముకు కట్టుకుని, గంటసేపు కూర్చోకుండా ఇంటిపనిలో తిరగండి. మరుసటి రోజు చెయ్యి బరువెక్కలేదు, ఒళ్లు పడిపోలేదు అంటే రెండు గంటలకు పెంచండి. ఆ తర్వాత ప్రయాణికురాలిగా మీ రూటు బస్సులో ఒక ట్రిప్పు నిలబడి వెళ్లి రండి. అది తట్టుకుంటే మీరు సిద్ధమే. స్కూటీ మీద డిపోకు వెళ్తారేమో, సడన్ బ్రేకు నొప్పి లేకుండా వేయగలిగేదాకా అదీ వద్దు.

రేడియేషన్ చివరి వారంలోనూ, ఆ తర్వాత రెండు వారాలూ నీరసం ఎక్కువ. ఛాతీ, చంక చర్మం నల్లబడి, ఒరుసుకుంటుంది. మన కడప ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో చెమటకు ఆ చర్మం ఇంకా రేగుతుంది. మీ లెక్క ఎండాకాలంలో తేలితే జూన్ దాకా ఆగి చేరమని నా సలహా. తీసేసిన రొమ్ము స్థానంలో ప్యాడ్ పెట్టుకోవాలనుకుంటే ఇప్పుడు మెత్తని నూలు ప్యాడ్ చాలు. సిలికాన్‌ది గాయం పూర్తిగా మానాక, ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటాకే. రేడియేషన్ సమయంలో మాత్రం చర్మానికి ఏదీ ఒరుసుకోకుండా చూసుకోండి. తర్వాత ఐదు నుంచి పదేళ్లు హార్మోన్ మాత్రలు వాడమన్నా, మూడు వారాలకోసారి ఏడాది పాటు ఇచ్చే ఇంజెక్షన్లు రాసినా, వాటికోసం ఉద్యోగం మానాల్సిన పనిలేదు.

సెలవుల గురించి. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిశారు. మీ ఖాతాలో సగం జీతం సెలవు ఎంత ఉందో, మెడికల్ సర్టిఫికెట్ మీద దాన్ని పూర్తి జీతంతో వాడుకునే వీలు ఎంతవరకు ఉందో డిపోలో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. సెలవులు అయిపోయాక అడిగితే లాభం లేదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో మీ సర్జన్‌ను ఉత్త ‘ఫిట్’ అని రాయొద్దనండి. ‘కుడిచేత్తో ఇన్ని కిలోలకు మించి ఎత్తరాదు, ఫలానా తేదీ వరకు కూర్చుని చేసే పని ఇవ్వాలి’ అని విడమరిచి రాయించుకోండి. లైట్ డ్యూటీ ఇవ్వడానికి పై అధికారికి ఒక కాగితం కావాలి, ఆ కాగితం మీ చేతిలో ఉండాలి. ప్రైవేటు ఉద్యోగాల్లో ఉన్న పాఠకులకు ఒక మాట: కనీసం రెండేళ్లుగా ఈఎస్ఐలో ఉంటే, మామూలు జబ్బు సెలవు అయిపోయాక కూడా క్యాన్సర్‌కు 80 శాతం వేతనంతో రెండేళ్ల వరకు సహాయం ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియక ఉద్యోగమే మానేస్తున్నారు.

రొమ్ములోని గడ్డ మటుకే తీయించుకుని, చంక జోలికి వెళ్లనివాళ్లు కంగారు పడకండి. మీకు ఒకటి రెండు వారాల్లో కుర్చీ పని మొదలవుతుంది. బోర్డు మీద రాసే టీచర్లకు, కుట్టుపని వాళ్లకు చంకలో కూడా ఆపరేషన్ అయితే ఆరు వారాలు. ఆదోని వైపు పత్తి తీసే అక్కలకు, అనంతపురంలో చీనీ కాయలు కోసేవాళ్లకు రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాత కూడా ముళ్లు గుచ్చుకోకుండా ఆ చేతికి గ్లౌజు తప్పనిసరి.

మీ అత్తమ్మ గడప దాటొద్దన్నది భయంతోనే. ఆమెను తప్పు పట్టకండి, కానీ ఆ మాట వినకండి. సాయంత్రం అరగంట నడవండి, ఇరుగుపొరుగుతో మాట్లాడండి. కీమో మధ్యలో నడిచేవాళ్లకు నీరసం తక్కువ ఉంటుందని కళ్లారా చూస్తున్నాం. రెండో వారంలో మాత్రం గుంపుల్లోకి వద్దు, అంతే. మళ్లీ డ్యూటీలో చేరాక ఎవరైనా ‘ఇన్నాళ్లూ ఏమైంది’ అంటే ‘ఆపరేషన్ అయింది’ అని ఊరుకోవచ్చు. ఏ ఆపరేషన్ అని చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. డిపోలో అధికారికి తప్ప ఎవరికీ చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు.

కీమో మొదలయ్యే ముందు మీ డాక్టర్‌ను నాలుగు సంగతులు అడగండి: మొత్తం ఎన్ని సైకిళ్లు (విడతలు), ఏ తేదీకి అయిపోతుంది, పోర్టు పెడతారా, నాకు షుగరు, బీపీ ఉంటే ముందే ఏం సరిచేసుకోవాలి. మీ అక్కచెల్లెళ్లు, తల్లి, తండ్రి తరఫువాళ్లలో ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే అదీ చెప్పండి. మీ వయసుకు జన్యు పరీక్ష అవసరమా లేదా వాళ్లే తేలుస్తారు. మీ అక్కచెల్లెళ్లు ఎవరైనా నలభై దాటి ఉంటే, మీ రిపోర్టు చూపించి మామోగ్రామ్ గురించి డాక్టర్‌ను అడగమనండి.