అమ్మానాన్నలు ఇద్దరే ఉండే ఇంటికి కాపలాగా ఏ జాతి కుక్కను తెచ్చుకోవాలి?

ఊళ్లో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు, చుట్టూ ప్రహరీ ఉంది, ఈమధ్య పక్క వీధిలో దొంగతనం జరిగింది, రాట్‌వీలర్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్‌లలో ఏది తెచ్చిపెట్టాలి అని అడిగారు. ఎనిమిదేళ్ల కింద నేను కూడా ఇదే ప్రశ్న పట్టుకుని తిరిగాను. అప్పుడు నాకు ఎవరూ చెప్పని సంగతులు ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది జమ్మికుంట దగ్గర పల్లె. నా ఉద్యోగం హైదరాబాద్‌లో. ఆ ఏడు పత్తి ఏరే రోజుల్లో మా వాడలో ఒకే వారంలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. ఒకరింట్లో బీరువా పగలగొట్టారు, ఇంకొకరి బోరు మోటారు ఎత్తుకుపోయారు. అప్పటినుంచి అమ్మకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా అదే భయం. నాకు ఇక్కడ టెన్షన్. తెలిసినవాళ్ల ద్వారా 45 రోజుల జర్మన్ షెపర్డ్ పిల్లను కొని, ఆ ఆదివారమే కారులో ఊరికి తీసుకెళ్లాను. బాపు దానికి షేరు అని పేరు పెట్టాడు.

షేరు చాలా తెలివైనవాడు. నెల తిరక్కుండానే బాపు సైకిల్ చప్పుడు వీధి మలుపులోనే గుర్తుపట్టేవాడు. కానీ మా వైపు మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. జర్మన్ షెపర్డ్‌కు పైన ఒక పొర బొచ్చు, లోపల దట్టంగా ఇంకో పొర ఉంటుంది. అది చలిదేశం కుక్క. ఎండాకాలమంతా వాడు బాత్రూం ముందు తడి గచ్చు మీద పొట్ట ఆనించి, నాలుక నేలకు వేలాడేసి, కళ్లు మాత్రం గేటు వైపు పెట్టి పడుకునేవాడు. ఎవరైనా వస్తే లేవాలని చూసేవాడు, లేవలేక మళ్లీ తల వాల్చేవాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

రెండో వానాకాలంలో పిడుదులు పట్టాయి. అంత బొచ్చులో అమ్మకు కనపడలేదు. తిండి మానేశాడు, ముక్కులోంచి రక్తం కారింది. వరంగల్ తీసుకెళ్తే పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అన్నారు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. నాలుగు వారాలు మాత్రలు వేస్తే బతికాడు. ఆ మాత్రలు పెరుగన్నంలో కలిపి పెట్టింది అమ్మే, రాత్రి లేచి చూసింది అమ్మే. కుక్కను కొన్నది మాత్రం నేను.

ఆ తర్వాత వాడు 35 కిలోలయ్యాడు. బాపుకు మోకాళ్ల నొప్పులు. ఒక పొద్దున వాకింగ్‌కు తీసుకెళ్తుంటే మేకల మంద ఎదురైంది, షేరు ఒక్క గుంజు గుంజాడు. గొలుసు చేతికి చుట్టుకుని ఉన్న బాపు రోడ్డు మీద పడి మణికట్టు విరిగింది. వాడి తప్పేమీ లేదు. ఆ వయసు కుక్కకు రోజుకు గంటన్నర, రెండు గంటల పరుగు, పని కావాలి. 64 ఏళ్ల మనిషి అది ఎక్కడినుంచి ఇస్తాడు? చివరికి మా చిన్నాన్న కొడుకు తోటకు పంపాం. అక్కడ బోరు నీళ్ల కింద, చెట్ల నీడలో బాగానే ఉన్నాడు. కానీ పంపిన రోజు అమ్మ అన్నం తినలేదు.

అందుకే నేను చెప్పేది ఒకటే. జాతి గురించి ఆలోచించే ముందు, రోజూ ఆ గొలుసు పట్టుకునేది ఎవరు, వాళ్ల ఒంట్లో సత్తువ ఎంత అన్నది చూడండి. కుక్కను మీరు కొంటారు, కానీ దానితో బతికేది మీ అమ్మగారు, నాన్నగారు.

ఇంకో విషయం. మనం కాపలా అనగానే కరిచే కుక్కను ఊహించుకుంటాం. ఇంటికి కావలసింది కరిచేది కాదు, అరిచేది. దొంగకు భయం కుక్క పళ్లంటే కాదు, అందరూ లేచి లైట్లు వేస్తారని. కరిచే కుక్క మొదట కరిచేది దొంగను కాదు. పాలు పోసే ఆమెనో, సిలిండర్ తెచ్చే అబ్బాయినో, సెలవులకు వచ్చిన మీ అక్క పిల్లలనో కరుస్తుంది.

ఇక మీరు అడిగిన జాతుల సంగతి. రాట్‌వీలర్ మగది 50 కిలోల పైన పెరుగుతుంది. అనుభవం ఉన్నవాళ్లు, చిన్నప్పటినుంచి పదిమందిలో తిప్పి పెంచితే మంచి కుక్కే. పెద్దవాళ్లిద్దరే ఉండే ఇంటికి మాత్రం నేను వద్దంటాను. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల పెంపకాన్ని ఆపాలని రాష్ట్రాలకు రాసిన లేఖలో ఇది కూడా ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. డాబర్‌మన్ బొచ్చు పొట్టిది, ఎండకు షెపర్డ్ కంటే కాస్త నయం. కానీ మనిషిని అంటిపెట్టుకుని ఉండే జాతి. పెరట్లో ఒంటరిగా కట్టేస్తే పిచ్చెక్కినట్టు అవుతుంది. లాబ్రడార్‌ను కూడా చాలామంది కాపలాకు తెచ్చుకుంటారు. దానికి కొత్తవాళ్లంటే ఇష్టం, అంతకు మించి చెప్పక్కర్లేదు.

మన దగ్గరి జాతులు చూస్తానంటే రాజపాళయం ఉంది. తమిళనాడులో విరుదునగర్ జిల్లా రాజపాళయం ఊరి పేరే దానికి వచ్చింది. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు. 2005లో తపాలా శాఖ కుక్కల మీద వేసిన నాలుగు స్టాంపుల్లో ఒకటి దీనిది, ఇంకొకటి కర్ణాటక జాతి ముధోల్ హౌండ్‌ది. రాజపాళయం ఇంటివాళ్లను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు, కాపలాకు గట్టిది. అయితే ఈ జాతిలో చెవుడు ఎక్కువ. పిల్లను తీసుకునేటప్పుడు వెనకనుంచి చప్పట్లు కొట్టి తిరుగుతుందో లేదో చూడాలి. ముధోల్ వేటకుక్క. పరుగెత్తడానికి పొలం ఉంటే సరే, లేకపోతే వాడలో కోళ్లు మిగలవు.

మా ఇంట్లో ఇప్పుడున్నది మాత్రం నాటుకుక్క. పేరు మల్లి. షేరు వెళ్లిన ఆరు నెలలకు మా ఊరి రైస్ మిల్లు దగ్గర ఒక కుక్క ఈనింది. ఈసారి తొందరపడలేదు. మూడుసార్లు వెళ్లి తల్లిని చూశాను. మిల్లు వాళ్లతో నెమ్మదిగా ఉంటుంది, కొత్త మనిషి గేటు దాటితే మొరుగుతుంది, మీద పడదు. అటువంటి తల్లి పిల్లను రెండు నెలలు నిండాక తెచ్చాం. మల్లి ఇప్పుడు 16 కిలోలు ఉంటుంది, బాపు ఒక చేత్తో పట్టుకోగలడు. ఎండకు తట్టుకుంటుంది. పొట్టి బొచ్చు కాబట్టి పిడుదు పడితే అమ్మకు వెంటనే కనపడుతుంది. మక్క గట్క, గుడ్డు, పెరుగన్నం, అప్పుడప్పుడు ఉప్పు కారం లేకుండా ఉడికించిన చికెన్. ఉల్లిపాయ పడిన కూరలు మాత్రం కలపకండి, కుక్కలకు ఉల్లి విషం, ద్రాక్ష, చాక్లెట్ కూడా అంతే.

రెండేళ్ల కింద దసరాకు నేను ఊళ్లోనే ఉన్నాను. రాత్రి రెండు దాటాక మల్లి అరిచింది. మామూలు అరుపు కాదు. పిల్లిని చూస్తే తెంపుతెంపుగా అరుస్తుంది, మనిషైతే గొంతు లోపలినుంచి, ఊపిరి తీసుకోకుండా. బాపుకు ఆ తేడా తెలుసు. మంచం మీదనుంచే చెయ్యి చాపి బయటి లైటు వేశాడు. మల్లి వీపు మీద వెంట్రుకలు బ్రష్‌లా నిలబడి ఉన్నాయి, దొడ్డి గోడ వైపు చూస్తోంది. వాడలో కుక్కలన్నీ అందుకున్నాయి. రెండు నిమిషాల్లో గోడ అవతల బండి స్టార్ట్ చేసిన చప్పుడు. పొద్దున చూస్తే మోటారు సర్వీసు వైరు సగం కోసి వదిలేసి ఉంది. ఎవరినీ కరవలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అమ్మ ఆ రోజు దానికి రెండు గుడ్లు పెట్టింది.

ఏ కుక్కను తెచ్చినా కొన్ని తప్పనిసరి. ఎనిమిది వారాల లోపు పిల్లను తల్లినుంచి వేరు చేయకండి. షేరు విషయంలో నేను ఆ తప్పు చేశాను. మూడు, నాలుగు నెలల వయసు వచ్చేలోపే ఇంటికి వచ్చే మనుషులను, పిల్లలను, బండ్ల చప్పుడును అలవాటు చేయాలి. ఆ వయసు దాటితే ప్రతి కొత్త మనిషీ శత్రువే. పగలంతా గొలుసుతో కట్టేస్తే కాపలా బాగుంటుందని మన ఊళ్లలో నమ్ముతారు, అది నిజం కాదు. కట్టేసిన కుక్క భయంతో, కోపంతో కరుస్తుంది. ప్రహరీ ఉంది కదా, గేటు మూసి వదిలేయండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే వీధులు పట్టి తిరగడం తగ్గుతుంది.

టీకాల విషయంలో వాయిదా వద్దు. పార్వో అంటే కుక్కపిల్లలకు రక్త విరేచనాలు పట్టించి ప్రాణం తీసే వైరస్ జబ్బు. దాని టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా డాక్టర్ చెప్పిన తేదీలకు వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు, ఆ తర్వాత ఏటా. పెంపుడు కుక్కే అయినా, గీరినా కరిచినా పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకోవాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

అన్నిటికంటే ముందు ఈ వారం ఊరికి ఫోన్ చేసి అమ్మగారినీ నాన్నగారినీ ఒక మాట అడగండి. కుక్క కావాలా అని కాదు. పొద్దున ఎవరు బయటికి తీసుకెళ్తారు, జబ్బు చేస్తే ఎవరు ఏ బండిలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు, మీ దగ్గరికి హైదరాబాద్‌కో బెంగళూరుకో వచ్చి పది రోజులు ఉంటే ఎవరు తిండి పెడతారు అని. మేము మల్లిని తెచ్చేముందు పక్కింటి వదినను అడిగి, ఆమె సరే అన్నాకే తెచ్చాం.