ఖండన తేదీ కూడా రాసుకో

చి. మాధవికి,

పెద్దనాన్న ఆశీస్సులు. అంతర్జాతీయ డెస్క్‌లో వేశారని, సైబర్ దాడుల కాపీలొస్తే ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదని ఫోన్‌లో అన్నావు. నాకు తగిలిన దెబ్బ నీకు తగలకూడదని రాస్తున్నాను.

2018 ఫిబ్రవరి 9న దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో శీతాకాల ఒలింపిక్స్ మొదలైన రాత్రి కంప్యూటర్లు కుప్పకూలాయి. వైఫై పోయింది. టికెట్లు ప్రింటు తీసుకోలేక జనం అవస్థపడ్డారు. ఆ వైరస్‌లో ఉత్తర కొరియా హ్యాకర్ల ఆనవాళ్లున్నాయన్న కాపీ చూసి, ‘ఉత్తర కొరియా పనేనా?’ అని హెడ్డింగ్ పెట్టి పేజీ వదిలేశాను. నెల తిరగ్గానే ఆ ఆనవాళ్లు కావాలని అతికించినవని తేలింది. తేల్చింది ఎవరనుకున్నావు? మాస్కోలోని సైబర్ భద్రతా సంస్థ క్యాస్పర్‌స్కీయే. 2020 అక్టోబరులో అమెరికా ఈ దాడి సహా అనేక దాడులపై రష్యా సైనిక గూఢచార సంస్థ జీఆర్‌యూ అధికారులు ఆరుగురి మీద అభియోగాలు మోపింది. వాళ్లెవరూ కోర్టుకు రాలేదు. కాబట్టి ‘అభియోగం’ అనే రాయాలి, ‘రుజువైంది’ అనకూడదు.

ఇంకో సంగతి చూడు. ఒలింపిక్స్ హ్యాకింగ్‌ను తమకు అంటగట్టడానికి పాశ్చాత్య మీడియా కథనాలు సిద్ధం చేస్తోందని, ఆధారాలేమీ చూపించరని రష్యా విదేశాంగ శాఖ ప్రారంభోత్సవానికి ముందే ప్రకటించింది. దాడి కంటే ముందే ఖండన వచ్చేసింది! అందుకే రెండు తేదీలూ పక్కపక్కన రాసుకో.

ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఛానెల్ ఇంకో నిజం చూపించనక్కర్లేదు, నీలో అనుమానం నాటితే చాలు. 2017 మార్చిలో రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ వదిలిన పత్రాల్లో, ఇతరుల హ్యాకింగ్ పద్ధతులను అమెరికా గూఢచార సంస్థ సీఐఏ సేకరించి పెట్టుకుంటుందని ఉంది. రష్యా ఛానెల్ ఆర్‌టీ దాన్ని పట్టుకుని, రష్యా వేలిముద్రలు సీఐఏనే వేసి ఉండొచ్చు కదా అన్న దాకా లాగింది. 2016లో బయటికొచ్చిన అమెరికా డెమోక్రటిక్ పార్టీ మెయిళ్ల హ్యాకింగ్ విషయంలో అలా జరిగిందని ఆ పత్రాల్లో ఎక్కడా లేదు. ఆ ముక్క నీ కాపీలో ఉండాలి. ఆర్‌టీకి డబ్బిచ్చేది రష్యా ప్రభుత్వమన్న ముక్కా ఉండాలి. చోటు లేదని ఎవరైనా తీసేస్తానంటే ఒప్పుకోకు.

మరి ఇరాన్ అణు కేంద్రం మీద అమెరికా, ఇజ్రాయెల్ వదిలాయనే స్టక్స్‌నెట్ వైరస్ సంగతేమిటని రష్యాను వెనకేసుకొచ్చేవాళ్లు అంటారు. సరైన ప్రశ్నే, దానికి వేరే వార్త రాయి. ఈ దాడి ఎవరిదన్నదానికి అది జవాబు కాదు.

అర్ధరాత్రి పేజీ వదలమని తొందరపెడితే ‘దాడి ఎవరిదో తేలలేదు’ అని రాసి వదిలెయ్. ఆ రాత్రి నేను పెట్టాల్సిన హెడ్డింగ్ అదే.

మీ పెద్దనాన్న