టీవీ శబ్దం తగ్గించే అమ్మ

ప్రశ్న: అమ్మా, నాకు 26 ఏళ్ళు. తిరుపతిలో అమ్మానాన్నలతో ఉంటాను. నాన్న ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు. నేను బెంగళూరులోని ఒక కంపెనీకి మూడేళ్ళుగా ఇంటి నుంచే పనిచేస్తున్నాను. తెల్లవారగానే మిద్దె మీద కాఫీ తాగుతూ కొండలు చూడటం, కుండీల్లోని మల్లెమొక్కలకు నీళ్ళు పోయడం, మధ్యాహ్నం వేడి సంగటి ఊరిబిండితో తిని పది నిమిషాలు నడుం వాల్చడం, సాయంత్రం వీధి చివర మూర పూలు కొనుక్కోవడం, రాత్రి మళ్ళీ మిద్దెక్కి గాలిగోపురం దీపాలు చూస్తూ పాటలు వినడం. నా రోజంతా ఇంతే. నాకు ఇదే హాయిగా ఉంది. బెంగళూరులో ఉన్న స్నేహితురాళ్ళు మాత్రం ముసలమ్మలా బతుకుతున్నావని నవ్వుతారు. చిత్తూరు పెద్దమ్మ ఈ వయసులో ఇల్లు పట్టుకుని వేలాడితే ఎలా అంటుంది. మొన్న వాళ్ళమ్మాయి సీమంతానికి మీటింగ్ ఉందని చెప్పి వెళ్ళలేదు. అమ్మ మొదట్లో ఏమీ అనేది కాదు, నాకు మీటింగులుంటే టీవీ శబ్దం కూడా తగ్గించేది. ఇప్పుడు చీటికీ మాటికీ విసుక్కుంటోంది. ‘ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనేనా’ అంటోంది. కంపెనీ వాళ్ళు వచ్చే నెల నుంచి ఆఫీసుకు రమ్మన్నారు. తక్కువ జీతమైనా ఇక్కడే వేరే ఉద్యోగం చూసుకోవాలని ఉంది. చిన్న చిన్న వాటితో తృప్తి పడటం నాలో లోపమా? నేను సోమరినా? లేక ఇదేమైనా జబ్బా?

జవాబు: అమ్మా అని మొదలుపెట్టావు కాబట్టి నేనూ ‘మీరు’ పక్కన పెట్టి చనువుగానే రాస్తాను.

ముందు నీ చివరి ప్రశ్న. ఇది జబ్బు కాదు. దిగులు జబ్బుగా మారినప్పుడు మొదట పోయే వాటిలో రుచి ఒకటి. అలాంటి స్థితిలో ఉన్న మనిషికి కాఫీ వేడిగా ఉందని తెలుస్తుంది, బాగుందని తెలియదు. రెండు వారాలు దాటి, రోజులో ఎక్కువ సేపు మనసు మొద్దుబారి, ఇష్టమైన వాటి మీద ఇష్టం చచ్చిపోయి, నిద్రా ఆకలీ తప్పితే అప్పుడు అనుమానించాలి. నీకు ఎప్పుడైనా అలా అనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యి. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత సేవ అది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇప్పటికైతే ఆ అవసరం నాకు కనిపించడం లేదు. ఊరిబిండి గురించి నువ్వు రాసిన ముక్క చదివితే నాకే ఆకలేసింది. ఇంకో సంగతి చెప్పనా? దిగులుతో మా దగ్గరకు వచ్చేవాళ్ళకు మేం చెప్పే మొదటి పనుల్లో ఒకటి, రోజులో ఒకటి రెండు చిన్న ఇష్టమైన పనులు ఎంచుకుని, ఫలానా వేళకని కాగితం మీద రాసుకుని, మనసు లేకపోయినా చేయమనడం. ఎవరూ చెప్పకుండా నువ్వు చేసుకుంటున్నదే మేం మందుచీటీలా రాసిస్తాం.

సోమరితనం మాట ఎత్తకు. మూడేళ్ళుగా నెల నెలా జీతం తెచ్చుకుంటున్నదానివి. స్నేహితురాళ్ళ మాట కూడా అంతే, వాళ్ళ ఊరి సరదాలు వాళ్ళవి. ఎక్కడెక్కడి నుంచో జనం రైళ్ళెక్కి వచ్చి, గంటల తరబడి వరుసల్లో నిలబడి చూసే కొండ, నీకు కాఫీ గ్లాసు వెనక కనిపిస్తుంది. దాన్ని చూసి సంతోషపడకపోతేనే ఆశ్చర్యపోవాలి. పూల సంగతికొస్తే, కొండ మీద పూలన్నీ స్వామివే అని అక్కడ ఆడవాళ్ళం తలలో పెట్టుకోము. ఆ కొరత కింద ఊళ్ళో తీర్చుకుంటాం. మూర కొనేచోట రెండు మూరలు కొనుక్కో, నేనేమీ అనను.

అయితే సీమంతం సంగతి వేరు. అక్కడికి వెళ్ళకపోవడాన్ని నువ్వు నీ సంతోషాల పక్కన చేర్చి రాశావు, రెండూ ఒకే రకమన్నట్టు. కాదు. మిద్దె మీద కూర్చోవడం నీకు ఇష్టం. సీమంతానికి వెళ్ళకపోయింది భయంతో. అక్కడ ఎవరో ఒకరు నీ పెళ్ళి ఊసెత్తుతారు, ఏం చెప్పాలో తెలియదు, మీటింగ్ అడ్డం పెట్టావు. ఇది నా ఊహే, కానీ ఈ ఊళ్ళో ఇన్నేళ్ళు ఆడపిల్లల కష్టాలు విన్నాక వేసిన ఊహ. ఇష్టంతో ఇంట్లో ఉండేవాళ్ళకు అబద్ధం అవసరం రాదు. ఈ ఆదివారం చిత్తూరు బస్సెక్కి పెద్దమ్మ కూతురిని చూసి రా. పెళ్ళి సంగతి అడిగితే ‘నేను చెప్పేదాకా ఆగండి పెద్దమ్మా’ అని నవ్వుతూ ఒక్కసారి అను. రెండోసారి అడిగితే అదే మాట మళ్ళీ అను.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ కోసం, రెండోసారి మీ అమ్మ కోసం.

ఐదు సంతోషాలు రాశావు. తెల్లవారగానే మిద్దె మీదకు కాఫీ వచ్చింది. ఎవరు కాచారో రాయలేదు. మధ్యాహ్నం సంగటి వేడిగా ఉంది. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు పొయ్యి ముందు నిలబడి ఆ సంగటి కెలికింది ఎవరో రాయలేదు. నువ్వు నడుం వాల్చిన ఆ పది నిమిషాల్లో గిన్నెలు కడిగిందెవరు? నిన్ను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మన ఇళ్ళల్లో అమ్మ చేసే పని గాలిలాంటిది, ఉన్నంతసేపూ కనిపించదు. నాన్నగారు రిటైరయ్యారని రాశావు, దేని నుంచి రిటైరయ్యారో కూడా రాశావు. మీ అమ్మ దేని నుంచీ రిటైర్ కాలేదు. ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతుంటే, ఆ పనిలో చేయి పెట్టే మగవాళ్ళు 88 నిమిషాలు గడుపుతున్నారు. మీ నాన్నగారిది ఆ 88లో ఎంతో నువ్వే లెక్క వెయ్యి.

పని ఒక్కటే అయితే ఆమె ఇంత విసుక్కోదు. పని ఆమెకు కొత్త కాదు. నువ్వు మామూలుగా రాసి దాటేసిన ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను: ‘టీవీ శబ్దం కూడా తగ్గించేది.’

నువ్వు కాలేజీకి, ఆయన డ్యూటీకి వెళ్ళిన రోజుల్లో, పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఆ ఇల్లు మీ అమ్మది. తనకు నచ్చిన సీరియల్ నచ్చినంత శబ్దంతో చూసి ఉంటుంది. చెల్లెలికో అక్కకో ఫోన్ చేసి గంటసేపు గొంతెత్తి మాట్లాడి ఉంటుంది. పక్కింటావిడ వస్తే ఇద్దరూ ముందు గదిలో చాప వేసుకుని పూలు కట్టుకుంటూ ఊరి సంగతులన్నీ చెప్పుకుని ఉంటారు. శుక్రవారం సాయంత్రం ఎవరినీ అడగకుండా తిరుచానూరు వెళ్ళి వచ్చి ఉంటుంది. నువ్వు ఏ చిన్న సంతోషాల గురించి నాకు రాశావో, సరిగ్గా అలాంటివే ఆమెకూ ఉండేవి. ఇప్పుడు ఒక గదిలో నువ్వు మీటింగులో, ఇంకో గదిలో ఆయన పేపరుతో. ఫోన్ పెరట్లోకి తీసుకెళ్ళి మాట్లాడాలి. పక్కింటావిడ గుమ్మం దగ్గరే నిలబడి ‘అమ్మాయి పనిలో ఉన్నట్టుందే’ అని వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళే కదా అని మొదట ఓర్చుకుంది. మూడేళ్ళయింది. ‘ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనేనా’ అన్న మాటను నువ్వు నీ భవిష్యత్తు గురించిన బెంగ అనుకున్నావు. కావచ్చు. ఆమె తన మధ్యాహ్నాలు తనకు ఇవ్వమని అడుగుతోందేమో అని నాకు అనిపిస్తోంది.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను చేసిన తప్పే ఇది. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో మా ఇంటి ముందు గదిలోనే మనుషులతో మాట్లాడేదాన్ని. మా అత్తగారు పది కాగానే పక్కింటి అరుగు మీదకు వెళ్ళి కూర్చునేవారు. పక్కింటావిడంటే ఆవిడకు ప్రాణమని అనుకున్నాను. ఏడాది తర్వాత పక్కింటివాళ్ళు ఇల్లు మారారు. మర్నాడు చూస్తే అత్తగారు పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చుని ఉన్నారు. ఇదేమిటండీ అంటే, ‘లోపల ఎవరో ఏడుస్తుంటే నేను దగ్గితే బాగుండదు కదమ్మా’ అన్నారు. ఏడాదిపాటు ఊళ్ళో అందరి ఇళ్ళ గుట్లు విన్నదాన్ని, మా ఇంట్లో ఒక ముసలావిడ దగ్గడానికి చోటు లేదని గమనించలేదు.

అమ్మను నేరుగా ‘నా వల్ల నీకు ఇబ్బందా’ అని మాత్రం అడగకు. ‘అదేం లేదే’ అంటుంది, ఏ అమ్మయినా అదే అంటుంది, అక్కడితో తలుపు మూసుకుపోతుంది. ఇద్దరూ ఏదో పని చేసుకుంటున్నప్పుడు, ‘నేను కాలేజీకి పోయిన రోజుల్లో మధ్యాహ్నాలు ఏం చేసేదానివమ్మా’ అని అడుగు. అడిగి ఊరుకో. మధ్యలో దూరి సలహాలివ్వకు. అనపకాయల కాలమైతే ఇంకా మంచిది. రాత్రి గింజలు నువ్వే నానబెట్టు, పొద్దున పక్కపక్కన కూర్చోండి. పితికిపప్పు ఒక్కరు పితికితే పూట పని, ఇద్దరు కూర్చుంటే కబుర్ల పని. చేతులు పనిలో ఉండి, కళ్ళు గిన్నెలో ఉన్నప్పుడు మనిషి చెప్పేవి ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పదు.

ఆమె చెప్పే జవాబును బట్టి నీ రోజును కొంచెం జరుపు. నీ బల్ల ముందు గదిలో ఉంటే వెనక గదికి మార్చు. తలుపు వేసుకో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకో, టీవీ గొంతు మళ్ళీ పెరగనీ. మీటింగులో వెనక నుంచి సీరియల్ సంగీతం వినిపిస్తే బెంగళూరు వాళ్ళు చచ్చిపోరు. పొద్దుటి కాఫీ నువ్వే కాచి రెండు గ్లాసులతో మిద్దెక్కు, ఆమె రానంటే ఆమె గ్లాసు కిందే ఇచ్చి వెళ్ళు. ఆమె తన ఏకాంతం తాను కోరుకుంటే దానికీ నొచ్చుకోకు. మధ్యాహ్నం గిన్నెలు నాన్నగారికి అప్పగించు. ఆయన చేత ఈ పని చేయించడం నీ వల్ల అవుతుంది, ఆమె వల్ల కాదు. కూతురు చెబితే తండ్రులు వింటారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కార్తీకంలో వానలు బాగా పడి కపిలతీర్థం జలపాతం ఉరకలు వేస్తున్నప్పుడు అమ్మను నువ్వు తీసుకెళ్ళాలని ఉత్సాహపడకు. ఆమె స్నేహితురాళ్ళతో వెళ్ళనివ్వు. ఆ పూట అన్నం నువ్వు వండు.

బెంగళూరు సంగతి నేను తేల్చను, అది నీదే. రెండు మాటలు చెబుతాను. వారానికి రెండు మూడు రోజులు వస్తే చాలునా అని ముందు కంపెనీని అడుగు. చాలదంటే, అక్కడి జీతంలోంచి హాస్టలు, భోజనం, రాకపోకల ఖర్చు తీసేసి, మిగిలేది ఇక్కడి జీతంతో పోల్చుకో. ఇక్కడి ఉద్యోగం చేతికి వచ్చేదాకా అది వదలకు. అమ్మ విసుక్కుంటోందని వెళ్ళకు, ముసలమ్మ అన్నారని అసలే వెళ్ళకు. ఇంకొకటి. మల్లెమొక్కల నుంచి గాలిగోపురం దాకా అన్నీ రాశావు గానీ, మూడేళ్ళుగా ఏం పని చేస్తున్నావో ఒక్క ముక్క రాయలేదు. నీ సంతోషాలన్నీ పనికి ముందూ వెనకా ఉన్నాయి, పనిలో ఒక్కటీ లేదు. తిరుపతిలో చూసుకునే ఉద్యోగంలోనైనా అలాంటిది ఒకటి ఉంటుందేమో చూసుకో.

కంపెనీకి ఏం జవాబిచ్చావో తీరిగ్గా రాద్దువుగాని. ముందు అమ్మ మధ్యాహ్నం చూసే సీరియల్ పేరేమిటో కనుక్కుని నాకు రాయి.