ఎంబీఏకి వెళ్తున్న చిన్నీకి

చిన్నీ,

నీకు ఎంబీఏ సీటు ఖాయమయ్యేలా ఉందని నాన్న ఫోన్ చేస్తే ఎంత పొంగిపోయానో, ఫోన్ పెట్టేశాక అంత టెన్షన్ పట్టుకుంది. పరీక్ష, వ్యాసాలు, ఇంటర్వ్యూ నువ్వు చూసుకోగలవు. కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం సిలబస్ తెప్పించుకుని చూడు, ఎథిక్స్ అని ఒక చిన్న కోర్సు పెట్టి చేతులు దులుపుకుంటున్నారా, లేక ఫైనాన్స్, ఆపరేషన్స్ క్లాసుల్లో కూడా ఆ ప్రశ్నలు వేస్తున్నారా అని. బాధ్యతగల మేనేజ్‌మెంట్ విద్య కోసం 2007లో ఐక్యరాజ్యసమితి అండతో మొదలైన పీఆర్‌ఎంఈలో చాలా బిజినెస్ స్కూళ్లు చేరాయి. ఆ ముద్ర ఒక్కటే చూసి మురిసిపోకు.

నేను బట్టల సోర్సింగ్‌లో, అంటే ఫ్యాక్టరీల్లో బట్టలు కుట్టించి తెప్పించే పనిలో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒకాయన ఉండేవాడు. నెమ్మదస్తుడు, రూపాయి తినని మనిషి. ఒక ఫ్యాక్టరీ తనిఖీకి వెళ్తే అత్యవసర ద్వారానికి తాళం, దాని ముందు నడుమెత్తు అట్టపెట్టెలు. సాయంత్రానికి తీయించేస్తాం సార్ అన్నారట వాళ్లు. షిప్‌మెంట్ తేదీ నెత్తిమీదుంది, ఈయన ఫారంలో టిక్కు పెట్టేశాడు. ఏమీ కాలేదు. సరుకు టైముకి వెళ్లింది, ఆఫీసులో మెచ్చుకున్నారు, ఆ తర్వాత అలాంటి టిక్కులు ఎన్ని పెట్టాడో ఆయనకే గుర్తులేదు. ఇదంతా ఆయన నాకు చెప్పుకున్నది బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర, బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలిన వార్త వచ్చిన రోజున, గొంతు పెగలక ఆగి ఆగి.

అక్కడ 2013 ఏప్రిల్ 23న గోడలకి పగుళ్లు కనిపించాయి. అదే భవనంలోని బ్యాంకు, షాపులు మూసేశారు, బట్టలు కుట్టేవాళ్లని మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. పొద్దున్నే కూలిపోయింది, 1,134 మంది పోయారు. పగుళ్లు అందరికీ కనిపించినవే కదా తల్లీ, బ్యాంకుకి సరుకు పంపాల్సిన గడువు లేదు, అంతే తేడా. ఆ గడువులు ఎక్కడో దూరాన మంచి ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లు పెట్టినవి. రేపు ఆ కుర్చీలో కూర్చునేది నువ్వే.

అందుకే నా భయం. నువ్వు పెద్దవాళ్లు ఏదన్నా అంటే మనసులో ఒప్పుకోకపోయినా తలూపేస్తావు, చిన్నప్పటినుంచీ చూస్తున్నాగా! అది మానుకో. రేటు తగ్గించమన్నా, వారం ముందు పంపమన్నా, దానికోసం అక్కడ ఎవరు రాత్రిళ్లు కూర్చోవాలో అడుగు. క్లాసులో కంపెనీల కేస్ స్టడీలు చర్చించేటప్పుడే మొదలుపెట్టు, తోటివాళ్లు విసుక్కున్నా సరే.

ఇంకోటి, ఫీజు అప్పు. ఈఎంఐ మెడకి చుట్టుకుంటే ఎంత మంచి మనిషికైనా కాదనడానికి నోరు రాదు. స్కాలర్‌షిప్పులకి ముందు అప్లై చెయ్యి, తక్కువ పడితే నాన్నని ఇబ్బంది పెట్టకుండా నన్నడుగు. లోన్ కాగితాల మీద సంతకం పెట్టేముందు నాకు పంపించు, చదివి చెప్తాను.

మీ బాబాయ్